నాలుగో కెమెరా

గుడైనా మసీదైనా ముందు చెప్పులు విప్పి
తర్వాత నిచ్చెనెక్కుతాను.
ఏ దేవుడి నేల ఎంత చల్లనో నా పాదాలకు తెలుసు.
టానరీ రోడ్డు దర్గాలో పాలరాయి,
మావళ్ళి మునేశ్వరుడి దగ్గర నూనె జిడ్డు.
గోడ పైమూలన మాత్రం ఎక్కడైనా
కాపురం సాలీడుదే.

రాత్రి కెమెరా కన్ను చుట్టూ ఎర్రచుక్కలు వెలుగుతాయి.
ఆ వెచ్చదనానికి పురుగులొస్తాయి,
పురుగుల కోసం సాలీడొస్తుంది,
సాలీడు కోసం నేనొస్తాను
మూడు నెలలకోసారి,
కమిటీ డబ్బులిస్తే.

నంజుండయ్య పూజారి అంటాడు:
స్వామి వైపు తిప్పొద్దు, హుండీ వైపు తిప్పు.
తిప్పాను.
అక్కడ డీవీఆర్ పెట్టె పులిహోర గుండిగ పక్కన ఉంటుంది.
పోయినసారి మూత తీస్తే
హార్డ్ డిస్కు మీద చీమలబారు,
ఒక్కో చీమ నోట్లో ఒక్కో మెతుకు.
ఊదబుద్ధి కాలేదు.

కాక్స్ టౌన్ చర్చికి ఒకటో తారీఖున వెళ్ళాల్సింది.
పాత బిల్లు రాలేదని అలిగి
ఇరవైన వెళ్ళాను.
కొవ్వొత్తుల డబ్బాల వెనక పెట్టె లాగి
ఫ్యాను దుమ్ము దులుపుతుంటే వచ్చింది
ఫిలోమినమ్మ.
చంకలో గొడుగు, చేతిలో చీటీ.
చీటీ మీద తేదీ, టైము.
కోలారు గనుల తెలుగు, తమిళం అంటుకున్న తెలుగు:

"రెండో తారీఖు, ఐదున్నర పూజ.
మా ఆయన వెనక బెంచీలో కూచున్నాడు.
నేను రాలా.
చారులో ఉప్పు గురించి మాటా మాటా అనుకున్నాం.
మూడో తారీఖు పొద్దున లేవలా.
ఎట్లా కూచున్నాడో ఒక్కసారి చూపించు నాయనా,
మొహం ఎట్లా పెట్టుకున్నాడో."

పదిహేను రోజులు దాటితే
పాతదాని మీదే కొత్తది రాసుకుంటుంది ఈ పెట్టె.
నాకు తెలుసు.
అయినా మౌసు పట్టుకున్నాను.
రెండు నొక్కాను. మూడు నొక్కాను.
ఆ గళ్ళు బూడిదరంగులో ఉన్నాయి,
నొక్కినా పలకవు.
మళ్ళీ రెండు నొక్కాను.

చెరిగిపోయిందమ్మా అన్నాను.
అది నిజం. సగం.

మిగతా సగం తెర మీదే ఉంది,
ఆమెకు బోధపడలేదు.
ఐదో తారీఖు నుంచి ఇవాళ్టిదాకా నాలుగో కెమెరాలో
బెంచీ లేదు, మనిషి లేడు,
తెల్లటి పోగు ఒకటి గాలికి ఊగుతోంది.
రెండో తారీఖుది మిగిలినా
ఆమె చూసేది దీన్నే.

ఒకటిన వచ్చి తుడిచుంటే?
తుడిచినా ఈపాటికి చెరిగేదే కదా.
ఈ రెండు మాటల్నీ ఒకదానికొకటి పోటీగా ఆనించి
వాటి మధ్య నిలబడ్డాను.

నిచ్చెన పట్టుకునే ముబారక్ ఆ రోజు రాలేదు.
నేను పట్టుకుంటా అంది.
ఒక చెయ్యి నిచ్చెన మీద,
ఇంకో చేతిలో నా ఫోను,
ఫోనులో నాలుగో కెమెరా.

గూడు తీశాను. సాలీడు
నా మణికట్టు మీదుగా నడిచి గోడ మీదికి పోయింది.
స్పిరిటు చుక్కేసి తుడిచాను.
కింద నుంచి గొంతు:

"ఆఁ, కనపడతా ఉంది.
కొంచెం ఎడంపక్కకి.
కిందికి. అంత కిందికి కాదు.
ఆఁ, ఆ బెంచీ.
చివర నున్నగా అరిగింది చూడు, అక్కడే.
ఆపు."

ఆపాను.
స్క్రూ బిగించాను, ఇంకో చుట్టు ఎక్కువే.

మూడు నెలల తర్వాత ఫాదర్ అన్నాడు:
నాలుగో దాంట్లో వాకిలి రావట్లేదు,
వట్టి బెంచీ ఒక్కటే వస్తోంది, చూడవయ్యా.
చూస్తాను ఫాదర్ అన్నాను.
తెర మీద బెంచీ చివర
గొడుగొకటి ఆనించి ఉంది.

నిచ్చెనెక్కాను. అద్దం తుడిచాను. దిగాను.
సర్వీసు పుస్తకంలో నాలుగో నంబరుకు ఎదురుగా
సరిగా ఉంది అని రాసి
సంతకం పెట్టాను.