నీడ కొలత

బహ్లా కోట దగ్గర గంట,
మిస్ఫా మట్టిమిద్దెల దగ్గర గంట,
ఖర్జూరం తోటలో ఫోటోలకు ఇంకో అరగంట.
నలభై ట్రిప్పులు కొట్టినా
కోట లోపలేముందో నాకు తెలీదు.
టికెట్టు వాళ్లది, పార్కింగు నాది.

ఇవాళ టైరు పోయింది.
స్టెప్నీ మార్చి, మసిచేతులతో కాలువకు దిగాను.
ఫలజ్ అంటారిక్కడ. కొండ కడుపులోంచి వచ్చే
జానెడు నీళ్లు.
"ఇక్కడ తాగుతారు, కిందికెళ్లి కడుక్కో"
అన్నాడు ముసలి ఖల్ఫాన్,
పాతిన కర్ర నీడ మీంచి చూపు తిప్పకుండానే.

నీడ గీతను తాకింది.
లేచి, పేలికలు చుట్టిన రాయిని
ఈ మడి నోట్లోంచి తీసి ఆ మడి నోట్లో పెట్టాడు.
"ఎవరి వంతు?" అన్నాను, వచ్చీరాని అరబ్బీలో.
"హమూద్‌ది. పోయాడు.
వంతు ఉంది."

మల్యాలలో మేం ముగ్గురన్నదమ్ములం
పద్దెనిమిది బోర్లు వేశాం,
ఒకరికి తెలీకుండా ఒకరం, రాత్రిళ్లు.
ఎన్ని ఫీట్లో ఇప్పటికీ నోటికొచ్చు.
పద్దెనిమిదింట్లోనూ దుమ్మే.

పైనుంచి హారన్. నా బండిదే, ఎవరో కొడుతున్నారు.
తడిచేతులతోనే స్టీరింగు పట్టుకున్నాను.
"అంతసేపు ఏం చూశావయ్యా కింద?"
వెనకసీట్లోంచి ఎవరో.

కర్ర, అన్నాను.