వంతు

దాళ్వాకి మా కాలవలో నీళ్లు వంతులమీదొస్తాయి.
నాలుగు రోజులు ఎగువోళ్లకి, నాలుగు రోజులు మాకు.
అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని
తూము దగ్గర కాపలా కూచోడం
ముమ్మిడివరం పక్కన పుట్టినోళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

అందుకే ఫిన్లాండులోని ఆ యంత్రం
నీ ముందు నాలుగొందల పన్నెండు పనులున్నాయి అంటే
నాకేం కొత్తగా లేదు.
కాకినాడ ల్యాబులో
ఏసీ కారే బకెట్టు పక్కకి కుర్చీ జరుపుకుని
అలాగే కూచున్నా.

నా పని చెప్పుకోడానికి చిన్నది:
ఫిబ్రవరిలో గౌతమి సన్నగిల్లినప్పుడు
పోటుతో లోపలికొచ్చే ఉప్పు
ఎంతదూరం ఎక్కుతుంది, ఎవరి చేను దాకా.
ఏటిని మూడుకోణాల ముక్కలుగా కోసి
ఒక్కో ముక్కకీ లోతూ, వేగమూ, ఉప్పూ చెప్పి
అప్పగించాలి.
అది పదివేల చేతులతో ఒకేసారి కూడి, తీసి
రెణ్ణెల్ల నీటిని
మూడు గంటల్లో నడిపిస్తుంది.

గురువారం సాయంత్రం నాలుగున్నరకి
తెరమీద డెల్టాలు కలుస్తాయి.
మెకాంగ్ నుంచి థుయ్ (పేరుకి నీళ్లని అర్థమట),
వెనకాల వంటింట్లో ఎవరో చేపలు వేయిస్తుంటారు.
ఖుల్నా నుంచి రుబాయెత్, కరెంటు ఉంటే.
హెల్కా మేడం కిటికీలో మధ్యాహ్నమే మసక,
గడ్డకట్టిన చెరువు మీద పిల్లలు.
నలుగురికీ ఇంగ్లీషు అరువుదే.
ఉప్పు అనే మాటొక్కటి మాత్రం
ఎవరి భాషలో వాళ్లకి నాలిక్కి తగుల్తుంది.

మొదటిసారి నా లెక్క
ఉప్పుని యానాం దాటనివ్వలేదు.
గీతలు ఎంత అందంగా వచ్చాయో!
రంగులేసి, పేరు రాసి పంపాను.
థుయ్ చూసి ఒక్కటే అడిగింది:
"ఆ నీళ్లు నోట్లో పోసుకుని చూశావా?"

మర్నాడు ఓలేటి పోలయ్య పడవెక్కాను,
యానాం దాటి కోటిపల్లి వైపు.
నేను సీసా ముంచకముందే
ఆయన దోసిట పట్టి, పుక్కిలించి ఊశాడు.
"ఇంకో మైలు పోవాలమ్మా మంచినీళ్లకి."
మీటరు తర్వాత అదే చెప్పింది.

ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టి నా ఏరు చూపించాను.
కళ్లజోడు లేదు, మెడ వెనక్కి లాగి చూశాడు.
"వల బానే అల్లావు గానీ కన్ను పెద్దది.
చిన్న పాయలన్నీ జారిపోయాయి.
రొయ్యల చెరువులోళ్లు తవ్విన బోదె ఏది?
మొన్న తుపానుకి మొగ కాడ మేటేసిన ఇసకేది?"

ఆ రాత్రి తప్పుల జాబితా రాశాను. పదకొండు.
పంపేముందు చాలాసేపు వేలు ఆగింది.
హెల్కా మేడం జవాబు రెండే వాక్యాలు:
ఇప్పుడు నీ పని మొదలైంది.
పోలయ్య పేరు పేపర్లో ఎక్కడ రాస్తున్నావు?

ఆ యంత్రం కక్కే వేడితో
అక్కడి ఊళ్లో ఇళ్లు వెచ్చబడతాయని తర్వాత తెలిసింది.
యానాం దగ్గరే ఆగిపోయిన నా తప్పుడు ఉప్పుకి
ఎవరో ముసలావిడ
కాళ్లు కాచుకునే ఉంటుంది.
పోనీలే.

మొగ దగ్గర కన్ను చిన్నది చేశాను.
ముక్కలు నాలుగు లక్షలయ్యాయి.
గంటల కోటా చాల్లేదు.
రుబాయెత్ తన వంతులోంచి
రెండువేల గంటలు వదిలాడు,
మా ఏటి గేజి వరదకి కొట్టుకుపోయింది,
కొత్తది పెట్టేదాకా ఊరికే పోతాయి, వాడుకో అని.
ఎగువ రైతు తన తూము ముందే దించేసి
దిగువకి నీళ్లు వదలడం
మా కాలవ మీద నేనెప్పుడూ చూళ్లేదు.

ఈ రాత్రి ఎదుర్లంకలో, పోలయ్య వాళ్ల అరుగు మీద.
నెట్ ఒక్క గీతే.
నా ముందు ఇంకా డెబ్భై ఆరు.
రెండున్నరకి పోటు తిరుగుతుంది.
ఆయన చుట్ట ఆర్పి తెడ్డు తీశాడు.
తెర అలాగే వెలుగుతూ వదిలేసి
సీసాలు లెక్కపెట్టుకుని లేచాను.
పద్నాలుగు. మూత ఒకటి తక్కువ.