అవతలి వైపు లెక్క

బెండిగోలో మా ఇల్లు కొయ్య దుంగల మీద నిలబడి ఉంటుంది,
వానకి కాస్త ఉబ్బి, ఎండకి కాస్త మూలిగి.
ఆ ఇంట్లో గోడ కోసి, మూడు మీటర్ల అద్దాల తొట్టి ఇమిడ్చి
రెండు వేల రెండొందల లీటర్లు నింపుతానన్నాడు మా ఆయన.
ఏ గోడంటే, వంటింటికీ హాలుకీ మధ్యది.
నేను వంటింట్లో ఉంటే ఆయన హాల్లో ఉంటాడు. అదీ వరస.

వారెన్ మేస్త్రీ టార్చి పట్టుకుని నేల కిందికి దూరాడు.
అరగంటకి నెత్తిన సాలెగూడుతో బయటికొచ్చి
ఏనుగుని గానీ కట్టేస్తారా, అని అడిగాడు.
కాదు, చేపలు, అన్నాం.
నవ్వలేదు. కాంక్రీటు ఖర్చు రాసిచ్చాడు.
ఆ అంకె చూసి రెండు రోజులు నేను మాట్లాడలేదు.
ఆయనకి తెలియలేదు.

నాకు తెలిసిన చేపల పేర్లన్నీ పులుసు పేర్లే.
బొచ్చె అంటే ముల్లు జాగ్రత్త.
మట్టగిడస అంటే బూడిదలో రుద్ది తోమాలి.
ఊరికే చూడ్డానికని ఒక్క చేప పేరూ
మా అమ్మ నేర్పలేదు.
కొరమీను దొరుకుతుందా అని షాపులో అడిగాను, చూడ్డానికే.
ఆ కుర్రాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు:
ఇక్కడ అది పెంచడం నేరమండీ.
చిన్నప్పుడు ఎంత నేరం తిన్నానో,
చేతులు కడుక్కున్నా వాసన పోయేది కాదు.

ఇక పొంతనలు.
కరెంటు బిల్లు వెనక ఆయన గళ్ళు గీశాడు.
ఏంజెల్ నోట్లో నియాన్ పడుతుంది, కొట్టేశాం.
సిల్వర్ డాలర్లు మొక్కలు మేస్తాయి, కొట్టేశాం.
ఒకదానికి సున్నపు నీళ్ళు కావాలి, ఇంకోదానికి వాననీళ్ళు,
గణాలు కలవలేదు.
మీసాలాయన ఒకడు బావున్నాడన్నాను,
ఎంత పొడుగు పెరుగుతాడో చదివి వినిపించాడు.
మన పెళ్ళికి ఇంత చూశారా ఎవరైనా?
నీ ఎత్తు చూశారు, అన్నాడు.
చివరికి మిగిలినవి రెయిన్‌బోలు, పన్నెండు,
ఈ దేశపు ఏటి పిల్లలే.

తోట గొట్టంతో నింపుతుంటే మీటరు గిర్రున తిరిగింది.
నేల మూలగలేదు. నేనే మూలిగాను.
ఆపైన ఆరు వారాలు చేపల్లేవు.
కంటికి ఆననివి ముందు కాపురం పెట్టాలట,
వాటి తిండికి కొలిచి అమ్మోనియా చుక్కలు.
ఆ పని నాది.
ముప్పై ఏళ్ళుగా ఆస్పత్రి ల్యాబులో
ఈ ఊరివాళ్ళ రక్తమూ ఉచ్చా రంగు చూసి చెప్పినదాన్ని,
ఒక గోడకి పరీక్ష చేయడం మాత్రం ఇదే మొదలు.
ఆకుపచ్చ. ముదురు ఆకుపచ్చ. రెండో ట్యూబులో ఊదా.
మళ్ళీ ఆకుపచ్చ.
పక్కింటి గ్లెనిస్ కుర్చీ లాక్కుని
ఉత్త నీళ్ళకేసి చాలాసేపు చూసి
ఎంత సిగ్గరివో పాపం, అంది.

నలభై మూడో రోజు ట్యూబు నిమ్మపండు రంగుకి దిగింది.
పరిగెత్తి హాల్లోకి పోవచ్చు. పోలేదు.
వంటింట్లోంచే అద్దానికి ఆనించాను.
అవతలి నుంచి బొటనవేలు ఎత్తాడు,
నీళ్ళలోంచి అది అరటికాయంత కనిపించింది.

వచ్చిన రోజు పన్నెండూ మొద్దు వెనకే దాక్కున్నాయి.
ఇన్ని డాలర్లు పోసి మొద్దుని చూశాం.

ఇప్పుడు లైట్లార్పే ముందు లెక్కపెడతాం,
ఆయన అటు నుంచి, నేను ఇటు నుంచి.
ఒకటి ఎర్రగా మెరిసి అందులోనే నీలంగా తిరిగి
నన్నెప్పుడు లెక్కించావు అన్నట్టు జారుకుంటుంది.
మధ్యలో రెండు టన్నుల నీళ్ళు,
పెదాలు కదులుతాయి, మాట వినపడదు.
అందుకని వేళ్ళు.
ఆయన పది చూపించి, ఆపైన ఒకటి.
తల అడ్డంగా ఊపుతాను.
పన్నెండు చూపించాలంటే రెండు చేతులూ కావాలి,
తోముతున్న గిన్నె పక్కన పెట్టి
తడి వేళ్ళు పదీ విప్పుతాను,
ఆగు అని చెప్పి,
మళ్ళీ రెండు.