అల్మరా వెనక

గున్‌వోర్‌కి మొదటి పుస్తకం గోడ.

ఆ దీవి మీద చెట్టు లేదు, చాటు లేదు.
పలకల సందుల్లోంచి ఉత్తరపు గాలి దూరేది.
వాళ్ల నాన్న పిండి ఉడకేసి
పాత వార్తాపత్రికలు పొర మీద పొర అంటించాడు.
గాలికి చదువు రాదు కదా,
ఒక కాగితం తలకిందులుగా పడ్డా ఆయన పట్టించుకోలేదు.

రెండు నెలలు సూర్యుడు మొహం చూపించని చలికాలం.
చేపనూనె దీపం పట్టుకుని
నాలుగేళ్ల పిల్ల గోడ వెంబడి నడిచేది,
ఒక్కో అక్షరాన్నీ గోటితో గీకి,
అమ్మని అడిగి, మళ్లీ గీకి.
ఉప్పు ధరలు చదివింది. మునిగిన ఓడల పేర్లు చదివింది.
దగ్గుమందు ప్రకటనే ఆమెకి కంఠతా వచ్చిన మొదటి పద్యం.
తలకిందుల కాగితాన్ని తలకిందులుగానే చదవడం నేర్చింది.

(అది ఊరికే పోలేదు.
పద్నాలుగో ఏట చేపల షావుకారు బల్లకి ఇవతల నిలబడి
అతను అవతల రాసుకుంటున్న పద్దు చదివేసి
"నలభై రెండు కిలోలు తూచి ముప్పై ఏడు రాశారేం?" అంది.
షావుకారు కలం కిందపెట్టాడు.
ఆ సాయంత్రం నుంచీ దీవిలో తల్లులందరూ
పిల్లల్ని గోడ ముందు కూలేశారట.
ఇది గున్‌వోర్ చెప్పిన మాట. కాస్త పెంచి చెప్పి ఉండొచ్చు.)

మంచం పక్కన గోడ మీద ఒక సీరియల్ కథ.
రాగ్న్‌ఫ్రిద్ అనే అమ్మాయి రైల్వేస్టేషన్లో
ఉత్తరం పట్టుకుని నిలబడుతుంది.
రైలంటే గున్‌వోర్‌కి తెలీదు,
కూత వేసే పొడుగాటి పడవ అనుకుంది.
రాగ్న్‌ఫ్రిద్ లక్క ముద్ర కిందికి వేలు పోనిచ్చి...
అక్కడ అల్మరా.

నలుగురు మగాళ్లు పడితే గాని కదలని అల్మరా.
ఇరవై ఏడేళ్లు ఆ వేలు ముద్ర కిందే ఉండిపోయింది.
ఇరవై ఏడేళ్లు గున్‌వోర్
కాడ్ చేపల తలలు కోసింది, దడుల మీద ఆరేసింది,
ఇద్దరు పిల్లల్ని కంది, లెక్కలేనన్ని మేజోళ్లు అల్లింది,
ఏముందో ఆ ఉత్తరంలో అనుకుంటూ.

నాన్న పోయినప్పుడు
శవపేటిక గుమ్మం దగ్గర మలుపు తిరక్క
అల్మరా జరిపారు.
అందరూ తలలు వంచుకుని ఉండగా
ఆమె దీపం తీసుకుని గోడ దగ్గరికి పోయింది.
ఒకే ఒక్క లైను:
"మిగతా వచ్చే శనివారం."
నవ్వు ఆగలేదట.
పాస్టరుగారు ఏడుపనుకుని భుజం తట్టారు.

నేను పుస్తకాల పడవ మనిషిని.
సెప్టెంబరులో ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి
ఫియార్డు ఫియార్డుకీ ఆగుతూ పోయేవాణ్ణి.
గున్‌వోర్ ఇరవై ఆరు పుస్తకాలు తీసుకునేది,
ఇరవై ఆరూ తిరిగిచ్చేది,
ఒక్కోదాంట్లో ఒక్కో చీటీ.
చేపల రసీదు వెనక పెన్సిలు రాత:
రాగ్న్‌ఫ్రిద్ ఉత్తరం విప్పింది. అందులో చెల్లెలి జడపాయ ఉంది.
విప్పింది. ఖాళీ కాగితం.
విప్పలేదు. రైలు కిటికీలోంచి వదిలేస్తే గొర్రె తినేసింది.
శనివారానికొకటి.

రూలు ప్రకారం నేను తీసేయాలి.
తియ్యలేదు.
రెండేళ్లకి పక్క దీవుల వాళ్లు
పుస్తకం పేరు అడగడం మానేసి
"చీటీ ఉన్నది ఇవ్వండి" అనడం మొదలెట్టారు.
ఓడ్‌వార్ అని, లైట్‌హౌస్ కాపలాదారు,
ఒక చీటీ కింద ఎర్రసిరాతో రాశాడు:
"ఇంతకీ గొర్రె బాగుందా?"
అది చూపిస్తే ఎనభై దాటిన మనిషి
చెవుల దాకా ఎర్రబడింది.

ఈ ఏప్రిల్ మా ఆఖరి ట్రిప్పు.
డబ్బు లేదన్నారు. రోడ్లొచ్చాయన్నారు.
ఆమె దీవికి రోడ్డెలా వస్తుందో ఎవరూ చెప్పలేదు.
ఇరవై ఆరు పుస్తకాలూ దులిపాను.
ఒక్క చీటీ రాలలేదు.
"రాగ్న్‌ఫ్రిద్?" అన్నాను.
"విప్పింది."
"ఏముంది?"
ఎండుచేప కాగితంలో చుట్టి నా చేతిలో పెడుతూ
"ఆ ఉత్తరం ఆమెకొచ్చింది నాయనా,
మనకి కాదుగా" అంది.

రేవు కనుమరుగయ్యాక చేప తిన్నాను.
కాగితం మోకాలి మీద సాపు చేసుకుని
జిడ్డు మరకల సందుల్లోంచి
ఎవరిదో పొలం వేలం, ఎవరికో పెళ్లి,
గాలి ఏ దిక్కు నుంచి రాబోతోందో,
చిరిగిన అంచు దాకా చదివాను.