తిరుగు తీగ

పదకొండు చలికాలాలు పట్టింది మా అన్న రెయినోకి.
ఆలుగడ్డల కొట్టంలో, ఫిర్ పలకలు చీల్చి,
బర్చ్ పొరలు అతికించి, రెక్కలకు గుడ్డ తొడిగి,
ఇక కరెంటు పనే మిగిలిందన్నాడు.
కాఫీ గిన్నెతో మాట్లాడుతున్నట్టు అన్నాడు,
నా మొహం చూడకుండా.

ముప్ఫై నాలుగేళ్ళు హెల్సింకీ ట్రాములకి
తీగలు లాగిన చేతులు నావి.
సరే అన్నాను.
పోహ్యన్మాలో ఇంతకంటే ఎక్కువ మాట్లాడితే
ఒంట్లో బాగోలేదేమో అనుకుంటారు.

లోహపు విమానమైతే తేలిక,
ఒళ్ళంతా తిరుగుదారే.
బ్యాటరీ నుంచి ఒక్క తీగ దీపందాకా లాగితే చాలు,
ఇంటిదారి కరెంటే వెతుక్కుంటుంది.
చెక్క అలా కాదు. చెక్కకి ఏమీ తెలీదు.
వెళ్ళే ప్రతి తీగకీ
వచ్చే తీగ ఒకటి వెయ్యాలి.
రేడియోకి రెండు, రెక్క కొసన దీపానికి రెండు,
పెట్రోలు ముల్లుకి రెండు.
"బరువు పెరుగుతోంది" అన్నాడు.
"పెరగనీ" అన్నాను.

జనవరి. బయట మైనస్ ఇరవై రెండు.
తీగ మాట వినదు, వంచిన చోట వంగదు.
చుట్టచుట్టి స్వెట్టరు లోపల పెట్టుకుని
పొయ్యి పక్కన కాసేపు కూర్చుని
కొట్టంలోకి పరిగెత్తేదాన్ని,
కోడిపిల్లని మోసుకెళ్తున్నట్టు.

కొస ఒలిచి, రాగి గొట్టంలో దూర్చి,
పటకారుతో నొక్కి,
ఆపైన ఒక్క గుంజు.
నూట నలభై గుంజితే ఒకటి ఊడొచ్చింది.
పారెయ్యలేదు దాన్ని.
కిటికీ గట్టు మీద పెట్టాను,
రోజూ ఇద్దరికీ కనబడేలా.

కట్లకి ప్లాస్టిక్ పట్టీలు తెచ్చాడు. వద్దన్నాను.
మైనపు దారంతో, జానెడుకో ముడి,
లెంపి అత్త వలలు బాగుచేసే ముడి.
నా వేళ్ళకి అదింకా గుర్తుందని
ఆ రోజే తెలిసింది.

దిక్సూచి దీపానికి పోయే జంటని మాత్రం
జడలా పెనవేశాను.
పోయేది ఒకవైపు లాగితే
వచ్చేది రెండోవైపు లాగి సరిచేస్తుంది,
ముల్లు ఉత్తరం గురించి అబద్ధం చెప్పదు.
ఇది వివరిస్తుంటే
రెయినో రంపం కింద పెట్టి విన్నాడు.

గొడవ వచ్చింది మార్చిలో.
ఆల్టర్నేటరు చచ్చిపోతే, బ్యాటరీలో మిగిలిన కాస్తనీ
దేనికి దాచాలి?
"దేనికీ అక్కర్లేదు" అన్నాడు.
"ఇంజనుకి మాగ్నెటో ఉంది. నీ కరెంటంతా పోయినా
నేను ఎగురుతూనే ఉంటా."
నిజమే. ఆ నిజం నాకూ తెలుసు.
"ఎగురుతున్నావని మాకెలా తెలుస్తుంది?"
అనాలనుకున్నాను. అనలేదు.
మర్నాడు పొద్దున్నే, వాడు లేవకముందు,
రేడియోని వేరే స్విచ్చు మీదకి మార్చి
నేరుగా బ్యాటరీకి కలిపేశాను.
పక్కన ఫ్యూజు.
ఫ్యూజు కాపాడేది రేడియోని కాదు, తీగని.
డిపోలో కుర్రాళ్ళకి ఎన్నిసార్లు చెప్పానో ఈ మాట.
ప్రతి కొసకీ పేరు రాశాను, నా దస్తూరీతో.
ఎప్పుడో ఎవరో విప్పుతారు,
వాళ్ళు నన్ను తిట్టుకోకూడదు.

ఏప్రిల్ చివర, కొట్టం తలుపులు బార్లా తీసి,
మాస్టర్ స్విచ్చు వేశాడు.
లోపల రిలే టక్కుమంది.
ముల్లు లేచి పన్నెండున్నర దగ్గర నిలబడింది.
పొగ లేదు. వాసన లేదు.
ఇద్దరం కాసేపు ముక్కులెగరేస్తూ నిలబడ్డాం,
వేటకుక్కల్లా.

చేతి రేడియో నాకిచ్చి
తను సీట్లో కూర్చుని పైకప్పు మూసుకున్నాడు.
తొమ్మిదడుగుల దూరం.
అద్దంలోంచి పెదాలు కదలడం కనిపిస్తోంది.
"ఐలీ. వినబడుతోందా?"
ఏడాదిలో వాడి నోట నా పేరు అదే మొదటిసారి.
బొత్తాం మీద బొటనవేలు పెట్టి
కాసేపు నొక్కలేదు.
"వినబడుతోంది."
గరగర. తర్వాత,
"మంచి పని చేశావు."

పైకప్పు తీసి చెప్పొచ్చు కదా, మనిషి.
చెప్పలేదు.
దిగొచ్చి, చేతులు తుడుచుకుని,
కాఫీ అయిపోయిందా అని అడిగాడు.