ముందు మేజోళ్లు

కరెంటు రాత్రి తొమ్మిదీ పదికి పోయింది.
విట్బీలో, సముద్రం మీదికి వంగిన కొండ మీద
మా వృద్ధుల ఇల్లు.
ఇరవై ముగ్గురు ముసలివాళ్లు, ముగ్గురం మేం.
రావలసిన ఇంకో ఇద్దరు
మంచులో ఎక్కడో కారుతో సహా ఇరుక్కున్నారు.
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

గాలివాన నాకు కొత్త కాదు.
చీరాలలో పుట్టినదాన్ని,
పైన రేకులు లేచిపోతుంటే
మగ్గం గుంటలో నక్కి కూర్చున్నదాన్ని.
కానీ అక్కడ మా అందరికీ పరిగెత్తే కాళ్లుండేవి.

ఇంచార్జి మోరీన్ థాక్రే.
అరవై రెండేళ్లు, ఎడమ మోకాలికి పట్టీ.
కరెంటు కంపెనీవాణ్ణి ఫోన్లో
నేనిక్కడ రాయలేని మాటొకటి అని, పెట్టేసి,
టార్చి మా మొహాల మీద పడకుండా కిందికి దించి
అంది:
"నాకూ భయంగానే ఉంది.
ముందు మేజోళ్లు."

ఇంకేమైనా చెబుతుందేమోనని చూశాను.
చెప్పలేదు. అప్పటికే మోకాళ్ల మీద కూర్చుంది,
మొదటి మంచం దగ్గర.

ఒక్కో పాదం ఒళ్లో పెట్టుకుని
రుద్ది, తొడిగి, మడమ దగ్గర ముడత సరిచేసి,
దాని మీద ఇంకో జత.
చేతులకు పని దొరికాక
భయానికి కూర్చునే చోటు లేకపోయింది.
నలభై ఆరు పాదాలనుకున్నాను.
లెక్క తప్పు. ఆల్ఫ్ హార్లండ్‌కి ఒకటే కాలు.
మిగిలిన మేజోడు చేతికి తొడుక్కుని
దాంతో నాకు సలాం కొట్టాడు ఆయన.

పదకొండింటికి ఇఫియోమా మెట్ల మీద కూలబడింది.
ఇంట్లో పది నెలల పిల్ల, పక్కింటావిడ దగ్గర.
ఫోను అందడం లేదు.
మోరీన్ ఆ పట్టీ మోకాలిని వంచలేక వంచి
పక్కనే కూర్చుంది. మూడు నిమిషాలు.
ఆ రాత్రిలో మూడు నిమిషాలంటే ఆస్తి.
నాకు ఒళ్లు మండింది, అబద్ధమెందుకు,
ఇంకా ఎనిమిది మంచాలు హాల్లోకి లాగాలి.
తర్వాత లేచిన ఇఫియోమా
అయిదు తనే లాగింది.

తలుపు సరిగా వెయ్యలేదని
మోరీన్ నా మీద అరిచింది కూడా.
వరండాలో క్యాంపింగ్ పొయ్యి మీద నీళ్లు కాగాక
టీ తెచ్చి నా చేతికిచ్చింది, రెండు చెంచాల చక్కెర వేసి.
"తలుపుది కాదు తప్పు," అంది, "నాది."
తన కప్పు కిటికీలో మీగడ కట్టి
తెల్లారేదాకా అక్కడే ఉంది.

విన్నీ స్టోర్ రాత్రంతా "అమ్మా" అని పిలిచింది.
తొంభై ఏళ్ల మనిషికి అమ్మెక్కడ?
పిలిచిన ప్రతిసారీ చీకట్లో ఏదో మూలనుంచి
మోరీన్ పలికింది: "ఇక్కడే ఉన్నానమ్మా."

నాలుగున్నరకి ఆల్ఫ్ ఊపిరి ఆగింది.
చలి కాదు, వయసు, అన్నాడు డాక్టరు తర్వాత.
ఆ గడియలో మాకా సంగతి తెలియదు.
మోరీన్ ఆయన తల దువ్వింది, పాపిడి కుడివైపుకి,
ఆయన ఎప్పుడూ తీసుకునే వైపుకి.
చేతి మేజోడు మాత్రం తియ్యలేదు.
మొహం తిప్పుకోకుండా, మా ముందే ఏడ్చి,
స్వెటరు చేత్తో ముక్కు తుడుచుకుని
"విన్నీ వేడినీళ్ల సంచి చల్లారుంటుంది,
చూసిరా తల్లీ," అంది.
వెళ్లాను. చల్లారే ఉంది.

ఆరూ యాభైకి దీపాలు వచ్చాయి.
వెలుతురులో ఒకళ్ల మొహాలు ఒకళ్లం
చూసుకోలేకపోయాం కాసేపు.

మొన్న తాళాల గుత్తి నా చేతికొచ్చింది.
మోరీన్ మోకాలు ఇక మెట్లెక్కనంది.
మొదటి రాత్రి, ఏం చెయ్యాలో తోచక
పాత రిజిస్టరు తిరగేశాను.
ఆ తేదీ దొరికింది. కొవ్వొత్తి మైనం మరక.
ఇరవై మూడు పేర్లు, వాలిన అక్షరాలు,
ప్రతి పేరు పక్కనా "పాదాలు వెచ్చగా ఉన్నాయి."

ఆల్ఫ్ పేరు దగ్గర
సమయం, కింద సంతకం,
ఆ రెంటి నడుమ, ఏకవచనంలో,
"పాదం వెచ్చగా ఉంది."