ఎడమకి ఆలస్యం

దాలినాయుడు సారు నా కోచ్ కాదు.
గుణుపురం కాలేజీలో ఆయన పని
గోలు కొట్టేవాళ్ళతోనే.
వెనక కాసే మేం ఆయనకి పాతిన గడకర్రలం,
మా చుట్టూ వాళ్ళని మెలికలు తిప్పి పరిగెత్తించేవాడు.

మూడేళ్ళు. ఒక్కసారి నా పేరు పిలవలేదు.

పొద్దుటి ప్యాసింజరు కూత వేసేసరికే
గ్రౌండంతా సుద్దపొడి బాణాలు.
వంశధార మీద మంచు విడేలోగా
జునేష్ రైతా కాళ్ళకింద సగం చెరిగిపోయేవి.
లెక్కలు ఒడియాలో, బుజ్జగింపు సవరలో,
కోపం మాత్రం మన తెలుగులోనే:
"బంతినేటి సూస్తావురా గుంటడా, కాళీని సూడు!"

అంతకుముందు రాయగడ, నడుమ బరంపురం,
మళ్ళీ ఇక్కడికే.
ఏటేటా జూన్లో కొత్త కాగితం, పాత జీతం.
హెడ్‌కోచ్ కుర్చీలోకి ప్రతిసారీ
భువనేశ్వర్ నుంచి ఇంకెవరో దిగేవారు.
గెలిచిన ఫోటోలో ఆయనది సగం భుజం,
ఓడిన రిపోర్టులో మొదటి పేరు.

నిన్న పర్లాకిమిడి బస్సులో కనిపించాడు.
ఒళ్ళో గాలి తీసేసిన బంతుల సంచి.
ఈ యేడు కాగితం రాలేదట.
"సార్, నేను..." అనబోయాను.
మొహం కాదు, మోకాళ్ళు చూశాడు.
"నువ్వా! ఎడమకి ఆలీసంగా తిరుగుతావు.
మావోళ్ళ గోలులన్నీ నీ పక్కనుంచే కదేటి."

నా కోచ్‌కి కూడా తెలీదా సంగతి.

జరిగి, సీట్లో ఖాళీ చూపించాడు, ఎడమవైపు.
నేనింకా తిరుగుతూనే ఉన్నాను,
కండక్టరు వెనకనుంచి
టికెట్, టికెట్ అంటున్నాడు.